సవరణ: భూకంపాలు, అగ్నిపర్వతాలపై ఆదివారం పోస్టుకు వివరణ

"అగ్నిపర్వతం బద్దలయ్యే ముందు చాలాసార్లు చిన్న భూకంపాలు వస్తాయి" అని ఆదివారం రాసిన వాక్యం తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తలకిందులై, "భూమి కంపిస్తే అగ్నిపర్వతం పేలుతుంది" అని తిరుగుతోంది. దయచేసి ఆ వాక్యాన్ని ఇలా చదవండి: "చురుకైన అగ్నిపర్వతం కింద ప్రకంపనలు గుంపులుగా పెరగడం హెచ్చరిక మాత్రమే, విస్ఫోటనం ఖాయమని కాదు."

ప్రకంపనలన్నీ ఒకటి కావు. పైకి తోసుకొచ్చే శిలాద్రవం రాతిని చీల్చితే పదునైన, పొట్టి కంపనాలు నమోదవుతాయి. పగుళ్లలో వాయువులు, ద్రవాలు ఒత్తిడితో కదిలితే నెమ్మదిగా ఊగే దీర్ఘ కంపనాలు వస్తాయి. శాస్త్రవేత్తలు ఈ తేడాతోపాటు నేల ఉబ్బునూ, గంధక వాయువునూ కలిపి చూస్తారు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో దగ్గర అలా చూసే, జూన్ 15 నాటి మహా విస్ఫోటనానికి ముందే వేలాది మందిని తరలించారు. ఎన్ని ప్రాణాలు నిలిచాయో! ఇటలీలో అగ్నిపర్వత ప్రాంతంపైనే ఉన్న పొజ్జువోలి పట్టణంలో 1982-84 మధ్య వేల ప్రకంపనలు వచ్చాయి, నేల సుమారు 1.8 మీటర్లు లేచింది, దాదాపు 40,000 మంది ఇళ్లు వదిలారు. విస్ఫోటనం మాత్రం జరగలేదు. జపాన్‌లోని ఒంటాకే 2014లో పెద్దగా హెచ్చరించకుండానే పేలి 63 మందిని బలిగొంది.

ఇక శేషాచలం సంగతి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రాతి పొరలను చూడండి: కింద గ్రానైటు, దానిపైన ఇసుక పేరుకొని గట్టిపడిన క్వార్ట్‌జైట్. ఇది అగ్నిపర్వతం కాదు. మన దేశంలో చురుకైనది అండమాన్‌లోని బ్యారెన్ దీవి ఒక్కటే. చిత్తూరు వైపు ఎప్పుడైనా నేల స్వల్పంగా అదిరితే గోడల పగుళ్లు చూసుకోండి, లావా కోసం భయపడకండి. పాత వాక్యాన్ని పంపినవారు ఈ సవరణనూ అదే గ్రూపులో పెట్టండి.