ఇంజిన్ చేసే చేతులున్నాయి, ఆర్డరే లేదు

ఢిల్లీ చాణక్యపురిలోని రైలు మ్యూజియంలో ఎఫ్-734 అనే మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరం) ఆవిరి ఇంజిన్ ఉంది. 1895లో అజ్మీర్ వర్క్‌షాప్‌లో తయారైంది. మన దేశంలో తయారైన తొలి రైలింజిన్ ఇదేనంటారు. బోరీబందర్ నుంచి ఠాణేకు మొదటి బండి నడిచిన 42 ఏళ్లకే ఇక్కడి కార్మికులు ఇంజిన్ చేసి పట్టాలెక్కించారన్నమాట. నాలుగేళ్ల తర్వాత బిహార్‌లోని జమాల్‌పూర్‌లో 'లేడీ కర్జన్' అనే ఇంజిన్ తయారైంది. తుపాకుల తయారీకి పేరుపడ్డ ముంగేర్ ఆ పక్కనే. అక్కడ ఇనుముతో పని కొత్తేమీ కాదు.

మరి స్వాతంత్ర్యం వచ్చేదాకా ఇంజిన్లు ఓడల్లో ఎందుకొచ్చాయి? మనవాళ్లకు నైపుణ్యం లేకనే అన్న జవాబు ఇప్పటికీ వినిపిస్తుంది. నేనొప్పుకోను. బాయిలర్ విప్పి, గొట్టాలన్నీ మార్చి, సిలిండర్లు సరిచేసి, ఇంజిన్‌ను మళ్లీ పరుగెత్తించడమంటే సగం ఇంజిన్‌ను కొత్తగా చేసినట్టే. నిజాం రైల్వే 1893లో పెట్టిన మన లాలాగూడ వర్క్‌షాప్‌తో సహా దేశంలోని పెద్ద వర్క్‌షాపులన్నింటికీ అది రోజువారీ పని. చేతులకు పని వచ్చు. ఆర్డరు రాసే కలం మాత్రం లండన్‌లో ఉండేది. రైల్వే కంపెనీల బోర్డులు అక్కడే, డిజైన్లు ఖాయం చేసే కన్సల్టింగ్ ఇంజినీర్లూ అక్కడే. గ్లాస్గో, మాంచెస్టర్ ఫ్యాక్టరీలు వాళ్లకు ఇరుగుపొరుగు. 1865-1941 మధ్య బ్రిటన్ నుంచి ఇక్కడికి దాదాపు 12 వేల ఇంజిన్లు దిగాయి. ఇక్కడ తయారైనవి 700కు మించలేదు.

అసలు కథ ఇప్పటి జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఫ్యాక్టరీలు ఫిరంగుల పనిలో పడి ఇంజిన్లు అందక ఇక్కడి రైల్వేలు అల్లాడాయి. దాంతో 1921లో ప్రభుత్వం ఇంజిన్లకు ఏటా ఇక్కడే టెండర్లు పిలుస్తామని మాటిచ్చింది. ఆ మాట నమ్మి సింగ్‌భూమ్‌లో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ పుట్టింది. షెడ్లు లేచాయి, యంత్రాలు వచ్చాయి. ఆర్డర్లు రాలేదు. ఈలోగా విదేశీ ఇంజిన్ల ధరలు పడిపోయాయి. విదేశీ ఇంజిన్లపై రక్షణ సుంకం వేయమని కంపెనీ కోరితే, దేశంలో అంత గిరాకీ లేదని 1924లో టారిఫ్ బోర్డు తేల్చేసింది. గిరాకీ ఎంతుండాలో తేల్చేది ప్రభుత్వం, కొనేదీ ప్రధానంగా దాని చెప్పుచేతల్లోని రైల్వేలే! ఒక్క ఇంజినైనా చేయకుండానే కంపెనీ చతికిలబడింది. 1927లో ఆ ఫ్యాక్టరీని సర్కారే కొనేసింది.

అదే ఆవరణను 1945లో టాటాలు తీసుకున్నారు. 'టెల్కో' అలా పుట్టింది, తర్వాత టాటా మోటార్స్‌గా మారింది అదే. ఈసారి ఆర్డర్లున్నాయి కాబట్టి బాయిలర్లు, ఆ వెనకే మీటర్ గేజ్ ఇంజిన్లు వరసగా వచ్చాయి. పశ్చిమ బెంగాల్ చిత్తరంజన్‌లోని రైల్వే ఇంజిన్ల ఫ్యాక్టరీలో 1950 జనవరి 26న పని మొదలైంది. నవంబర్ 1న తొలి ఇంజిన్ 'దేశబంధు'ను రాజేంద్రప్రసాద్ జాతికి అంకితం చేశారు. 1972 నాటికి అక్కడ 2,351 ఆవిరి ఇంజిన్లు తయారయ్యాయి. ఎవరు కొంటారన్న బెంగే లేదు, రైల్వేకు సొంత ఫ్యాక్టరీ మరి.

ఆ నిశ్చింతకు ఇంకో ముఖమూ ఉంది. బ్రిటన్‌లోని బ్రిటిష్ రైల్వేస్ తన చివరి ఆవిరి ఇంజిన్‌ను 1960లోనే చేసి ఆ పని కట్టిపెట్టింది. మనం మరో పన్నెండేళ్లు చేస్తూనే పోయాం. బొగ్గు మనది, డీజిల్‌కు విదేశీ మారకం కావాలి అన్న వాదనలో పస ఉంది. అయినా అమ్ముడుపోదన్న భయం లేనిచోట పాత సరుకు తయారీ ఆగదు. చిత్తరంజన్ చేసిన మంచి పని ఏమిటంటే, 1961 నుంచే పక్కన కరెంటు ఇంజిన్లూ మొదలుపెట్టింది. కాబట్టి బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) ఆవిరి ఇంజిన్లలో ఆఖరిదైన 'అంతిమ్ సితారా' 1970లో గేటు దాటాక కూడా ఫ్యాక్టరీకి తాళం పడలేదు. గ్లాస్గోలో ఇంజిన్లు చేసే నార్త్ బ్రిటిష్ కంపెనీ మాత్రం 1962లోనే దివాలా తీసింది. డీజిల్‌కు మారబోయి తడబడి మునిగింది.

ఆవిరి ఇంజిన్లు పోయినా ఆర్డరు సంగతి పాతబడలేదు. 2015లో ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్టామ్‌తో రైల్వే ఒప్పందం కుదుర్చుకుంది. బిహార్‌లోని మధేపురా ఫ్యాక్టరీ నుంచి 12 వేల హార్స్‌పవర్ కరెంటు ఇంజిన్లు 800 కొంటామని ముందే సంతకం పెట్టింది. గుజరాత్‌లోని దాహోద్‌లో తయారీకి జర్మనీ కంపెనీ సీమెన్స్‌కు 1,200 ఇంజిన్ల ఆర్డరిచ్చింది. దాహోద్ వర్క్‌షాప్ ఒకప్పుడు ఆవిరి ఇంజిన్లను బాగుచేసిన చోటే.