చికెన్‌లో ఆ గ్లాసుడు నీళ్ళు ఎందుకు?

టమాటా, ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి చికెన్ ఎలా చేయాలో చెప్పే వీడియో ఏది చూసినా నాకు ఒక చోట ఒళ్ళు మండుతుంది. అప్పటిదాకా అంతా బాగానే నడుస్తుంది. ఉల్లిపాయలు వేగుతాయి, టమాటాలు పడతాయి, ముక్కలు పడతాయి. సరిగ్గా అప్పుడు పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి గ్లాసుడు నీళ్ళు గుమ్మరించి పోతుంది. "ముక్క మునిగేదాకా నీళ్ళు పోసుకోండి" అని తియ్యగా ఒక గొంతు. ఎందుకు పోయాలో చెప్పరు. ముక్క ఎందుకు మునగాలో అసలే చెప్పరు.

నాది ఉత్త చాదస్తం అనుకునేవాళ్ళు ఒక్కసారి లెక్క చూడండి. కిలో చికెన్‌కి అర కిలో టమాటాలు, 300 గ్రాముల ఉల్లిపాయలు అనుకుందాం. టమాటాలో నూటికి 94 పాళ్ళ దాకా నీళ్ళే. ఉల్లిపాయలో 89 పాళ్ళు. అంటే ఈ రెండిట్లోనే దాదాపు ముప్పావు లీటరు నీళ్ళున్నాయి. పచ్చి కోడి మాంసంలోనూ ఇంచుమించు ముప్పావు వంతు నీళ్ళే, ఉడికేటప్పుడు అందులో కొంత బయటికి రాక తప్పదు. గిన్నెలో ఇన్ని నీళ్ళు పెట్టుకుని, పైన ఇంకో గ్లాసా? ఉన్న నీళ్ళని ఎప్పుడు పోనివ్వాలి, ఎప్పుడు మూత పెట్టి ఆపాలి అని చూసుకోవడమే ఈ వంటలో మన పని. మిగతాదంతా మంట చూసుకుంటుంది.

పోసిన నీళ్ళు ఊరికే పోవు కూడా. మామూలు నీళ్ళని మరిగేదాకా తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగే నీళ్ళని పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి దాదాపు ఏడు రెట్లు కావాలి. అందుకే ఆ గ్లాసు పడ్డాక గ్రేవీ ఎంతసేపు మరిగినా పల్చగానే ఉంటుంది. ఈలోగా ముక్క పీచులు పీచులు అయిపోతుంది. అప్పుడు కంగారుగా కార్న్‌ఫ్లోర్ కలుపుతారు, క్రీమ్ పోస్తారు, రుచి చాల్లేదని ఇంకో చెంచా మసాలా వేస్తారు. తామే పల్చన చేసి, తామే చిక్కబరుస్తారు. దీన్ని "రెస్టారెంట్ స్టైల్ సీక్రెట్" అంటారు.

నీళ్ళ గొడవ అసలు సింక్ దగ్గరే మొదలవుతుంది. చికెన్‌ని కుళాయి కింద పెట్టి బరబరా కడగడం చాలామందికి అలవాటు. అమెరికా వ్యవసాయ శాఖ, బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ రెండూ అలా కడగొద్దనే చెబుతాయి. మాంసం మీదున్న బ్యాక్టీరియా తుంపర్లతో పాటు చుట్టుపక్కల గిన్నెల మీదా, గట్టు మీదా పడుతుంది. ఆ బ్యాక్టీరియాని చంపేది ఉడకడమే, కడగడం కాదు. సరే, ఎంత చెప్పినా కడగందే మనసొప్పని వాళ్ళుంటారు, వాళ్ళతో నాకు తగువు లేదు. కానీ కడిగాక తడి తుడవండి మహాప్రభో! పేపర్ టవల్‌తో ఒక్కో ముక్కనీ అద్ది పొడిగా చేయండి. ఉప్పు ముందే రాసి ఓ అరగంట, వీలైతే ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది. ఉప్పు మొదట తడిని బయటికి లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీరు తిరిగి ముక్కలోకి ఇంకుతుంది. పైభాగం ఆరుతుంది, లోపలికి ఉప్పు పడుతుంది.

ఆరిన ముక్కే ఎందుకంటే, తడి ఉన్నంతసేపూ దాని ఉపరితలం వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగడం, ఆ కమ్మటి వాసన రావడం జోరందుకునేది 140 డిగ్రీల దగ్గర. 1912లో లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన రసాయన చర్య ఇది. ఇరుకు గిన్నెలో కిలో ముక్కలూ ఒకేసారి కుమ్మరిస్తే ఊరిన నీరంతా అడుగున చేరి, వేగాల్సినవి ఉడకడం మొదలెడతాయి. ముక్కలు బూడిద రంగుకి తిరిగితే తెలుసుకోండి, అక్కడ వేపుడు జరగడం లేదు. వెడల్పాటి గిన్నెలో రెండు మూడు వాయిలుగా, ఒక్కో వైపూ నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ముక్క అడుగుకి అతుక్కుందని అట్లకాడతో గీకొద్దు. ఎర్రబడ్డాక దానంతటదే వదులుతుంది.

అన్నట్టు, ముందు వేయిస్తే రసం లోపలే సీలయిపోతుంది అనే మాట ఒకటి తిరుగుతోంది. 19వ శతాబ్దం మధ్యలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారంలో పెట్టిన మాట అది. తర్వాత తూకం వేసి చూస్తే నిలబడలేదు. వేయించిన ముక్క లోంచి కూడా రసం కారుతుంది. మనం వేయించేది రుచి కోసం. ముక్కకి పట్టిన ఎరుపు, గిన్నె అడుగున మిగిలిన గోధుమ రంగు పొర, ఈ రెండే ఈ వంటకి పెట్టుబడి. ఆ పొర చూసి "అయ్యో మాడింది" అని గిన్నె కడిగేసేవాళ్ళని చూశాను. నల్లగా ఉంటే మాడినట్టే, కడిగేయండి. గోధుమ రంగులో ఉంటే మాత్రం వదలొద్దు.

వేగిన ముక్కల్ని ప్లేటులోకి తీసి, ఇక అదే గిన్నెలో వేసే ఉల్లిపాయల దగ్గరికి వద్దాం. వంటల ప్రపంచంలో ఇంత ధైర్యంగా చెప్పే అబద్ధం ఇంకోటి లేదు. "ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా మూడు నిమిషాలు వేయించండి." మూడు నిమిషాల్లో ఉల్లిపాయకి చెమట కూడా పట్టదు! వీడియోలో మూడు నిమిషాలు ఎందుకంటే మధ్యలో కట్ చేశారు కాబట్టి. 300 గ్రాముల ఉల్లిపాయ తరుగులో పావు లీటరు పైనే నీళ్ళున్నాయని ఇందాకే లెక్క వేశాం కదా. వాటిలో చాలా భాగం ఆవిరైతే తప్ప రంగు తిరగదు. మధ్యస్థమైన మంట మీద దోరగా కావడానికే పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. బాగా ముదురు రంగుకి వచ్చి తియ్యగా గుజ్జవాలంటే ముప్పావు గంట. ఈ వంటకి అంత ముదురు అక్కర్లేదు, కానీ దోరదనానికి తగ్గితే ఒప్పుకోను. మంట పెంచితే తొందరగా అవుతుందిలే అనుకుంటే అంచులు నల్లబడి, మధ్యలో పచ్చిగానే ఉంటాయి. మొదట్లోనే చిటికెడు ఉప్పు వేసి కాసేపు మూత పెడితే నీరు వదిలి మెత్తబడతాయి. తర్వాత మూత తీసి రంగు తెప్పించుకోవచ్చు.

తొందరపడి ఉల్లిపాయలు సగం పచ్చిగా ఉండగానే టమాటా వేశారనుకోండి, ఇక ఆ ఉల్లిపాయలు మెత్తబడటం గగనమే. టమాటాలో పులుపు ఉంటుంది, ఆ ఆమ్లం కూరగాయల కణాల గోడల్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. గంట ఉడికినా గ్రేవీలో ఉల్లిపాయ ముక్కలు పంటికి తగులుతున్నాయని బాధపడేవాళ్ళకి కారణం ఇదే. ముందు ఉల్లిపాయ మెత్తబడాలి, రంగు తిరగాలి, ఆ తర్వాతే టమాటా. ఈ వరుస మార్చి మసాలా ఎంత వేసినా లాభం లేదు.

వెల్లుల్లి మాటకొస్తే, దాన్ని ఉల్లిపాయలతో పాటే మొదట్లో వేసేవాళ్ళ తొందర నాకర్థం కాదు. వెల్లుల్లిలో నీళ్ళు 60 పాళ్ళకి మించవు. పైగా సన్నగా తరుగుతాం. ఉల్లిపాయ దోరగా వచ్చేసరికి అది నల్లబడి చేదెక్కుతుంది, ఆ చేదు ఇక పోదు. ఉల్లిపాయలు పూర్తయ్యాక వేసి, పచ్చి వాసన పోయి కమ్మటి వాసన రాగానే టమాటా వేసేయాలి. నిమిషం చాలు. ఇంకో మాట, వెల్లుల్లి తరిగాక ఓ పది నిమిషాలు పక్కన పెట్టండి. రెబ్బ నలిగినప్పుడే దాని ఘాటు తయారవుతుంది, తరిగిన వెంటనే వేడి నూనెలో వేస్తే ఆ పని చేసే ఎంజైము చచ్చిపోతుంది.

ఇప్పుడు టమాటా. గింజలూ జిగురూ తీసి పారేయమని చెప్పే నాజూకు వంటలు కొన్ని ఉన్నాయి, వినకండి. టమాటా కండలో కంటే గింజల చుట్టూ ఉన్న ఆ జిగురులోనే గ్లుటామిక్ ఆమ్లం ఎక్కువని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ప్రచురించారు. మాంసానికి తోడయ్యే ఆ నిండైన రుచి అక్కడుంది. డబ్బా టమాటాలు వాడేవాళ్ళు ముక్కలు చేసినవి కాకుండా కాయలకి కాయలు ఉన్నవి కొనుక్కోండి. ముక్కలు ఆకారం చెడకుండా ఉండటానికి వాటిలో తరచుగా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. మనకి గుజ్జు కావాల్సిన చోట అవి విరగనంటాయి.

టమాటా పడగానే చేయాల్సిన మొదటి పని గిన్నె అడుగు గీకడం. ఇందాక దాచుకున్న గోధుమ రంగు పొరని టమాటా నీళ్ళే కరిగించి లోపలికి తీసుకుంటాయి. వేరే నీళ్ళు అక్కర్లేదు. తర్వాత మూత లేకుండా దగ్గరపడనివ్వాలి. ఇక్కడ గడియారం చూడొద్దు, చెవి పెట్టండి. మొదట్లో బుడగలు చిన్నవిగా, గబగబా, గలగలమంటూ లేస్తాయి. నీరు తగ్గేకొద్దీ ఆ చప్పుడు మందగిస్తుంది. బుడగ పెద్దదై, బద్ధకంగా పైకొచ్చి, టప్పున పగిలి స్టవ్ మీద ఎర్రటి చుక్క వేస్తుంది. గరిటెతో అడుగున ఒక గీత గీస్తే, ఆ గీత వెంటనే పూడుకోకుండా కాసేపు గిన్నె అడుగు కనిపిస్తుంది. ఆ వెనకే అంచుల్లో నూనె తేలుతుంది, ఎర్రగా. టమాటాకి రంగునిచ్చే లైకోపిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అంచున ఎర్ర నూనె కనిపించిందంటే గుజ్జులో వదులు నీరు పోయిందని, అంతవరకూ ఉడికిన మిశ్రమం ఇప్పుడు వేగడం మొదలెట్టిందని అర్థం. పచ్చి పులుపు పోయేదీ ఇక్కడే. చక్కెర వేయక్కర్లేదు.

ఇప్పుడు వేయించి పెట్టుకున్న ముక్కల్ని, ప్లేటులో కారిన రసంతో సహా గుజ్జులోకి దించి, మూత పెట్టి, మంట సిమ్‌లో పెట్టండి. పావుగంట తర్వాత మూత తీసి చూడండి. ఎవరూ పోయకుండానే ముక్కల సగం ఎత్తుకి రసం ఊరి ఉంటుంది. మూతకి పట్టిన ఆవిరి తిరిగి అందులోనే చుక్కలు చుక్కలుగా పడుతుంది. ముక్క మునగాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. మూత కింద ఆవిరి పైభాగాన్ని చూసుకుంటుంది. అక్కడక్కడా ఒక బుడగ లేస్తే చాలు. కుతకుతా ఉడికించకండి.

"నీళ్ళలో మునిగి ఉంటే ముక్క ఎండిపోదు కదా" అనేవాళ్ళకి ఒకటే జవాబు. వేడికి మాంసం పీచులు ముడుచుకుని లోపలి నీటిని పిండేస్తాయి. చుట్టూ సముద్రం ఉన్నా పిండేస్తాయి. బ్రెస్ట్ ముక్కని గ్రేవీలో ముప్పావు గంట మరిగించి, తడిగా ఉండి కూడా పొడిపొడిగా ఎలా ఉందా అని ఆశ్చర్యపోవడం అందుకే. బ్రెస్ట్‌లో కొవ్వు తక్కువ, కండ పీచుల్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీనూ తక్కువ. లోపల 74 డిగ్రీలు తగలగానే తినడానికి సురక్షితం, అక్కడే ఆపాలి. కాబట్టి అదే వాడాలనుకుంటే చివరి పది, పన్నెండు నిమిషాల్లో వేయండి.

ఈ వంట అసలు తొడ ముక్కది, లెగ్ పీస్‌ది. నడిచే కండ కాబట్టి కొల్లాజెన్ ఎక్కువ. లోపల 80, 85 డిగ్రీలకి వచ్చి అక్కడ కాసేపు ఉంటే ఆ కొల్లాజెన్ జెలటిన్‌గా కరిగి ముక్కని మెత్తబరుస్తుంది, గ్రేవీకి చిక్కదనం ఇస్తుంది. ఎముకతో ఉన్న తొడ ముక్కకి ఇందుకు 35 నుంచి 45 నిమిషాలు కావాలి. పెదవికి అంటుకునే ఆ జిగట జెలటిన్‌దే. గ్లాసుడు నీళ్ళు పోస్తే దాన్ని కూడా పల్చన చేసినట్టే, గోరుచుట్టు మీద రోకటిపోటు.

ప్రెషర్ కుక్కర్ గురించి ఎక్కువ మాట్లాడను. అందులో ఆవిరి కోసం కొంత నీరు ఉండి తీరాలి, దగ్గరపడే దారి ఉండదు. టైమ్ లేనప్పుడు తప్పదు, కాదనను. విజిల్ దిగాక మూత తీసి ఆ నీళ్ళని ఇగరబెట్టే ఓపిక మాత్రం ఉంచుకోండి.

నీళ్ళు పోయకపోతే అడుగంటుతుందని భయపడేవాళ్ళు ముందు మంట తగ్గించండి, పల్చటి గిన్నె మార్చి మందపాటి అడుగున్నది తీయండి. పదిమందికి గ్రేవీ చాలదంటారా? టమాటాలు ఇంకో పావు కిలో, ఉల్లిపాయలు ఇంకో రెండు. నీళ్ళతో పెరిగేది గ్రేవీ కొలత మాత్రమే. టమాటాలు మరీ కండ పట్టినవై, రసం ఊరక నిజంగానే అంటుకుంటోందనిపిస్తే నాలుగు చెంచాల వేడి నీళ్ళు గిన్నె పక్కల నుంచి పోయండి. చన్నీళ్ళు పోస్తే ఉడుకు చల్లారి మళ్ళీ మొదటికొస్తుంది.

మిగిలింది రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాటికి గ్రేవీ కదలకుండా గడ్డకట్టి, పైన ఎర్రటి నూనె పొర కట్టి కనిపిస్తుంది. అది చూసి వదులు చేయాలనిపిస్తుంది, చేయకండి. ఆ గట్టిదనం కూడా జెలటిన్‌దే. మూత పెట్టి సన్నమంట మీద ఉంచితే దానంతటదే కరుగుతుంది. ముక్క మధ్య దాకా పొగలు కక్కేలా వేడెక్కాక దించుకోండి.