నమ్మకం లేనిచోటే కాటా కావాలి

టెహ్రాన్ నగరంలో ఒక చిన్న పరిశోధన రియాక్టర్ ఉంది. దాని సామర్థ్యం 5 మెగావాట్లు. 1967లో అది పని మొదలుపెట్టింది. ఇరాన్‌కు దాన్ని ఇచ్చింది అమెరికా. అందులో వాడటానికి మొదట పంపిన ఇంధనం 93 శాతం శుద్ధి చేసిన యురేనియం, అంటే బాంబుకు పనికొచ్చే స్థాయి. అప్పుడు ఇరాన్‌ను ఏలుతున్నది రాజు, షా. ఆయన 20కి పైగా అణు విద్యుత్ రియాక్టర్లు కడతానంటే పాశ్చాత్య దేశాల కంపెనీలు కాంట్రాక్టుల కోసం పోటీపడ్డాయి. 1979లో షా దేశం వదిలి వెళ్లిపోయాడు, ఇస్లామిక్ రిపబ్లిక్ వచ్చింది. ఆ తర్వాత అదే దేశం యురేనియాన్ని కనీసం 3.67 శాతం దాకా శుద్ధి చేసుకోవచ్చా లేదా అన్నదాని మీద ప్రపంచ దేశాలు ఏళ్ల తరబడి బేరాలాడాయి.

ఇరాన్‌ను వెనకేసుకురావడానికి ఈ పాత సంగతి చెప్పడం లేదు. టీవీ చర్చల్లోనూ మన వాట్సాప్ గ్రూపుల్లోనూ ప్రశ్న ఎప్పుడూ ఒకేలా వస్తుంది: అలాంటి దేశం చేతిలో అణు పరిజ్ఞానం ఉండొచ్చా? వద్దనేవాళ్లు అక్కడి పాలకుల మాటలు గుర్తుచేస్తారు. ఉంటే తప్పేంటి అనేవాళ్లు, ఇజ్రాయెల్ దగ్గర బాంబులున్నాయని లోకమంతా అనుకుంటున్నా ఎవరూ అడగరెందుకని నిలదీస్తారు. ఇద్దరూ తేల్చాలనుకుంటున్నది ఆ దేశం మంచిదా చెడ్డదా అని. నా దృష్టిలో చర్చ దారి తప్పేది అక్కడే. పాలకులు మారిపోతారు. రియాక్టర్లు, వాటిని నడపడం నేర్చుకున్న మనుషులు మాత్రం ఉండిపోతారు. షాను నమ్మి ఇచ్చిన రియాక్టర్ షాతో పాటు వెళ్లిపోలేదు కదా.

మిర్చి యార్డులో వ్యాపారి మీద రైతుకు పూర్తి నమ్మకం ఉండదు, రైతు తెచ్చిన సరుకు మీద వ్యాపారికీ ఉండదు. అయినా బేరం జరుగుతుంది. మధ్యలో కాటా ఉంటుంది కాబట్టి. అణు తనిఖీలు పుట్టింది కూడా ఇలాంటి అవసరం కోసమే. 1970లో అమల్లోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, అంటే ఎన్‌పీటీ, సంతకం చేసిన దేశాలకు ఒక మాట ఇచ్చింది: బాంబు జోలికి పోకుండా తనిఖీలకు ఒప్పుకుంటే శాంతియుత అణుశక్తి మీ హక్కు. మీ ప్రభుత్వం మాకు నచ్చాలి అనే షరతు అందులో ఎక్కడా లేదు. ఇరాన్ ఆ ఒప్పందంలో మొదటి నుంచీ ఉంది.

అసలు 'అణు పరిజ్ఞానం' అనే మాటే మనల్ని గందరగోళంలో పడేస్తోంది. అదంతా ఒకటే వస్తువు అన్నట్టు మాట్లాడుకుంటాం. ఇరాన్‌లోనే బుషెహ్ర్ దగ్గర 1000 మెగావాట్ల రియాక్టర్ ఉంది. జర్మనీ కంపెనీ 1975లో పని మొదలుపెట్టి విప్లవం తర్వాత వదిలేస్తే, రష్యా పూర్తిచేసింది. 2011లో అది గ్రిడ్‌కు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి ఇంధనం రష్యా నుంచే వస్తుంది, వాడేసిన ఇంధనం తిరిగి రష్యాకే పోవాలన్నది ఒప్పందం. అందుకే బుషెహ్ర్ మీద పెద్దగా గొడవ లేదు. 2025 దాకా గొడవంతా నతాంజ్, ఫోర్డోల్లో తిరిగిన సెంట్రిఫ్యూజ్‌ల మీద, అంటే యురేనియాన్ని శుద్ధి చేసే యంత్రాల మీద.

గనిలోంచి తీసిన యురేనియంలో గొలుసుచర్యకు పనికొచ్చే రకం, యురేనియం-235, సుమారు 0.7 శాతమే. ఆ వాటాను పెంచడమే శుద్ధి. కరెంటుకు 3 నుంచి 5 శాతం చాలు. బాంబుకు 90 శాతం దాకా కావాలి. వినడానికి ఈ రెండింటి మధ్య చాలా దూరం ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ లెక్క వేరు. కష్టమంతా మొదట్లోనే ఉంటుంది. 60 శాతానికి చేరేసరికి దాదాపు పనంతా అయిపోయినట్టే. కరెంటు కోసం తిప్పే యంత్రాలే మరికొంతకాలం తిప్పితే బాంబు సరుకు ఇస్తాయి. అందువల్ల ఆ యంత్రాలు తిరుగుతున్న హాల్లో ఎవరి కెమెరా ఉంది, ఎన్నాళ్లకోసారి ఎవరు వచ్చి చూస్తున్నారు అన్నదే అసలు విషయం.

ఇరాన్ మీద అనుమానం ఊరికే రాలేదు. నతాంజ్ కేంద్రం గురించి 2002లో ప్రవాసంలోని ప్రతిపక్షం బయటపెట్టేదాకా లోకానికి తెలియదు. సెంట్రిఫ్యూజ్ పరిజ్ఞానం పాకిస్తాన్‌కు చెందిన ఏ.క్యూ.ఖాన్ చీకటి వ్యాపారం ద్వారా చేరింది. కొండ లోపల కట్టిన ఫోర్డో 2009లో బయటపడింది. 2003కు ముందు బాంబు తయారీకి సంబంధించిన పనులు ఒక పద్ధతి ప్రకారం జరిగాయని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐఏఈఏ, 2015లో తేల్చింది. ప్రకటించని చోట్ల యురేనియం జాడలు దొరికితే ఇరాన్ నమ్మదగిన వివరణ ఇవ్వలేదు. ఇవన్నీ పక్కనపెట్టి ఇరాన్‌ను బాధితురాలిగా మాత్రమే చూపించే వ్యాసాలు చదివినప్పుడు నాకు కోపం వస్తుంది. సంతకం చేసి దాచడం తప్పు. ఏ ఘనచరిత్ర ఉన్న దేశం చేసినా తప్పే.

అయితే అలా దాచిన దేశంతోనే, పూర్తి అపనమ్మకంతోనే, 2015 జులైలో వియన్నాలో అమెరికా సహా ఆరు దేశాలు ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఇరాన్ దగ్గరున్న దాదాపు 19 వేల సెంట్రిఫ్యూజ్‌లు సుమారు 6 వేలకు తగ్గాయి. నిల్వలో ఎక్కువ భాగం ఓడలో రష్యాకు వెళ్లిపోయింది. మిగిలినది 300 కిలోలకు మించకూడదు, శుద్ధి 3.67 శాతం దాటకూడదు. బాంబుకు పనికొచ్చే మరో సరుకు, ప్లుటోనియం, ఇవ్వగల అరాక్ రియాక్టర్ గుండెకాయలాంటి భాగంలో కాంక్రీటు పోశారు. కెమెరాలు పెట్టారు, తనిఖీదారులు నిత్యం వెళ్లివచ్చారు. ఇరాన్ మాట నిలబెట్టుకుంటోందని ఐఏఈఏ వరసగా నివేదికలిచ్చింది. ఇందులో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. కాటా పెట్టారు, చూశారు, అంతే.

2018 మేలో ట్రంప్ ప్రభుత్వం ఆ ఒప్పందం నుంచి బయటికొచ్చేసింది. ఆ ఒప్పందంలో లోపాలు లేవనను. ఇరాన్ మీద పెట్టిన కొన్ని పరిమితుల గడువు 10, 15 ఏళ్లకే తీరిపోయేది, క్షిపణుల సంగతి అందులో లేదు. కానీ లోపమున్న కాటాను సరిచేసుకోవాలి గానీ ఎత్తి బయట పారేస్తారా? ఇరాన్ ఏడాది ఆగి, 2019 నుంచి ఒక్కో పరిమితీ దాటుతూ వచ్చింది. 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. కరెంటు కోసం అంత శుద్ధి ఎవరికీ అక్కర్లేదు. 2022లో కెమెరాలు తీయించింది. 2025 జూన్ నాటికి 60 శాతం నిల్వ 440 కిలోలు దాటిందని ఐఏఈఏ అంచనా. ఆ సంస్థ కొలత ప్రకారం అలాంటిది 42 కిలోలుంటే, మరికాస్త శుద్ధి చేసి ఒక బాంబు చేయొచ్చు. ఒప్పందం నడిచిన రోజుల్లో ఇందులో ఒక్క కిలో కూడా లేదు.

తర్వాత బాంబులు పడ్డాయి. జూన్ 13న ఇజ్రాయెల్, 22న అమెరికా. నతాంజ్, ఫోర్డో, ఇస్ఫహాన్ అణు కేంద్రాలు దెబ్బతిన్నాయి. ఇరాన్ పార్లమెంటు ఐఏఈఏతో సహకారం ఆపేస్తూ చట్టం చేసింది, తనిఖీదారులు దేశం విడిచి వచ్చేశారు. భవనాలు కూలాయి సరే, ఆ 440 కిలోల లెక్క చెప్పగలిగే కళ్లు కూడా పోయాయి. దాడికి ముందు ఎంత ఉందో కిలోల్లో చెప్పగలిగిన సంస్థ, దాడి తర్వాత ఎక్కడుందో రూఢిగా చెప్పలేని స్థితికొచ్చింది. భద్రత కోసమే చేశామన్న పనికి ఫలితం ఇది.

ఈ విషయం మాట్లాడేటప్పుడు మనం ఒకటి మరిచిపోకూడదు. ఒకప్పుడు లోకం నమ్మని దేశాల్లో మనమూ ఉన్నాం. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చినదాని ప్లుటోనియం, శాంతియుత పరిశోధన కోసం కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టర్‌లోంచి వచ్చింది. కెనడా సహకారం ఆపేసింది. మనలాంటివాళ్లకు సరుకు అందకుండా చూడటానికే అణు సరఫరా దేశాల బృందం పుట్టింది. తారాపూర్‌కు ఇంధనం ఇచ్చే అమెరికా వెనక్కి తగ్గితే ఫ్రాన్స్ దగ్గర తెచ్చుకున్నాం. 1998 పరీక్షల తర్వాత మళ్లీ ఆంక్షలు. ఎన్‌పీటీలో మనం ఎప్పుడూ చేరలేదు కాబట్టి దాన్ని ఉల్లంఘించలేదనే మాట నిజమే, ఇరాన్‌కూ మనకూ ఉన్న పెద్ద తేడా అదే. కానీ కెనడా ఇచ్చినదాన్ని మనం ఎలా వాడామన్నది ఒట్టావా నుంచి చూస్తే వేరుగా కనిపిస్తుంది. 2008లో ఆ సరఫరా దేశాల బృందం నుంచి మనకు మినహాయింపు దొరికింది. అదీ ఊరికే రాలేదు. 22 రియాక్టర్లలో 14ను తనిఖీల కిందకు తెస్తామని ఒప్పుకున్నాకే వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్ నుంచి వచ్చిన యురేనియం హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పక్కనున్న అణు ఇంధన సముదాయానికి చేరింది. ఆ మినహాయింపుకు దారితీసిన అణు ఒప్పందం మీద అమెరికాతో చర్చలు నడుస్తున్న రోజుల్లోనే, 2005 సెప్టెంబరులో, ఐఏఈఏలో ఇరాన్‌కు వ్యతిరేకంగా భారత్ ఓటేసింది. ఆ ఓటు సరైనదా కాదా అన్నదాని మీద అప్పట్లో దేశంలో పెద్ద గొడవే జరిగింది. నా అభిప్రాయంలో తనిఖీలకు లొంగమని అడగడం తప్పు కాదు. అదే నోటితో 2018లో ఒప్పందాన్ని చెడగొట్టొద్దని ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది.

తనిఖీలకు లొంగినవాడు నష్టపోతాడు, బాంబు చేసుకున్నవాడు బతుకుతాడు అనే వాదన కూడా ఉంది. లిబియా 2003లో కార్యక్రమం వదులుకుంది, 2011లో గడాఫీ చనిపోయాడు. ఉత్తర కొరియా 2003లో ఎన్‌పీటీ నుంచి తప్పుకుని 2006లో బాంబు పేల్చింది, దాని జోలికి ఎవరూ వెళ్లడం లేదు. ఈ వాదనకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. టెహ్రాన్‌లో కూర్చున్నవాళ్లకు ఈ పాఠం ఎంత బలంగా వినిపిస్తుందో ఊహించగలను. 2018లోనూ 2025లోనూ జరిగింది ఆ పాఠాన్ని మరింత గట్టిగా చదివి వినిపించినట్టే అయింది.

వేరే దారి నడిచినవాళ్లూ ఉన్నారు. బ్రెజిల్, అర్జెంటీనా సైనిక పాలనలో ఒకరికి తెలియకుండా ఒకరు అణు కార్యక్రమాలు నడిపాయి. ఇద్దరికీ పాత వైరం. 1980లలో ప్రజా ప్రభుత్వాలు వచ్చాక అర్జెంటీనా అధ్యక్షుడు అల్ఫోన్సిన్, బ్రెజిల్ అధ్యక్షుడు సార్నేను పిల్కనియెవులోని తమ శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లి చూపించాడు. సార్నే కూడా తిరిగి పిలిచి తమది చూపించాడు. 1991లో రెండు దేశాలూ కలిసి ఒక ఉమ్మడి తనిఖీ సంస్థ పెట్టుకున్నాయి. ఒకరి కేంద్రాలను మరొకరి నిపుణులు లెక్కచూస్తారు. బ్రెజిల్ ఈ రోజుకీ యురేనియం శుద్ధి చేస్తూనే ఉంది, దానిమీద ఎవరికీ నిద్ర పట్టకపోవడం లేదు.

గల్ఫ్‌లో ఇలాంటిది రావాలని నేను కోరుకోవడానికి ఒక దగ్గరి కారణం ఉంది. బుషెహ్ర్‌కు టెహ్రాన్ కంటే కువైట్ దగ్గర. కువైట్‌లో కడప, గోదావరి జిల్లాలవాళ్లు వేలమంది ఇళ్లలోనూ దుకాణాల్లోనూ పనిచేస్తున్నారు. ఆ తీరంలోని నగరాలు తాగేది సముద్రపు నీళ్లనే, ఉప్పు తీసి. ఆ సముద్రంలోకి రేడియోధార్మికత చేరితే ముందు ఎండేది వాళ్ల కుళాయిలే. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లో అమెరికా సేనలున్న అల్ ఉదైద్ స్థావరం మీదకు ఇరాన్ క్షిపణులు వదిలినప్పుడు, గగనతలం మూసేసినప్పుడు, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఫోన్లు పట్టుకుని టెన్షన్‌తో తెల్లవార్లూ కూర్చున్నారో ఎవరూ లెక్కరాయలేదు.

ఆ ఏడాది వసంతంలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా, ఇరాన్ మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ఇరుగుపొరుగు గల్ఫ్ దేశాలను కలుపుకుని ఉమ్మడిగా శుద్ధి కేంద్రం నడపాలనే ఆలోచన కూడా ఆ చర్చల్లో నలిగింది. కేంద్రం ఇరాన్ గడ్డ మీద ఉండాలా బయట ఉండాలా అన్నదగ్గర పేచీ వచ్చింది. పేచీ పెద్దదే, కానీ అది మాటలతో తెగే రకం పేచీ. ఆరో విడత చర్చలు జూన్ 15న మస్కట్‌లో జరగాల్సి ఉంది. దాడులు 13 తెల్లవారుజామున మొదలయ్యాయి.