చేత్తో రాసిన సబ్‌టైటిల్స్ చెరిపేయొచ్చా?

(కిమ్ కి-యంగ్ 1960లో తీసిన కొరియన్ సినిమా ‘ద హౌస్‌మెయిడ్’ నెగెటివ్, అంటే కెమెరాలో తీసిన అసలు ఫిల్మ్, 1982లో దొరికింది. అందులో 5, 8 రీళ్లు లేవు. 1990లో పాత ప్రింటు (హాల్లో ఆడించే కాపీ) ఒకటి బయటపడింది కానీ, దాని నిండా చేత్తో రాసిన ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. మార్టిన్ స్కోర్సెసీ పెట్టిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ సాయంతో కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ 2008లో సినిమాను బాగుచేయించినప్పుడు, ఆ రెండు రీళ్లూ ఈ ప్రింటులోంచి తీసుకుని, అక్షరాలను కంప్యూటర్‌తో చెరిపేశారు. అది సబబేనా? వాదించుకుంటున్నది ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసిన మేనమామ, వీడియో ఎడిటింగ్ చేసే మేనకోడలు.)

మేనకోడలు: మామయ్యా, పరాయి దేశం వాళ్లకు చూపించడానికి వేసిన ప్రింటు ఒకటి ఉండబట్టే ఆ రీళ్లు మిగిలాయి. ఆ గుర్తునే తుడిచేస్తే ఎలా?

మేనమామ: గుర్తా అది? ఇప్పటి సబ్‌టైటిల్స్‌లా కింద బుద్ధిగా ఉన్నాయనుకున్నావా? ఇంచుమించు సగం ఫ్రేము అక్షరాలే. మెట్ల మీద మనిషిని చూడాలా, రాత చదవాలా?

మేనకోడలు: అక్షరాల కింద ఉన్న బొమ్మ ఎప్పుడో పోయింది కదా. ముందు వెనక ఫ్రేముల్లోంచి తెచ్చి పూడుస్తారు. అక్కడా దొరక్కపోతే ఊహే. నేను రోజూ చేసే పనే, నాకు తెలుసు.

మేనమామ: ప్రింటు తెగితే రెండు ఫ్రేములు కత్తిరించి, జిగురు రాసి అతికేవాళ్లం. అప్పుడు ఎవరూ చరిత్ర పాడైందనలేదు.

మేనకోడలు: నువ్వు అతికితే బొమ్మ ఎగిరేది, హాలంతా ఈలలు. అతుకు ఉందని అందరికీ తెలిసేది. ఇక్కడ తెలియకుండా చేశారు.

మేనమామ: తెలియకపోవడమేంటి! ఆ రీళ్లు మొదలవగానే బొమ్మ మసకబారుతుంది. నెగెటివ్‌లోంచి వచ్చే నలుపు, ఆడి ఆడి అరిగిన ప్రింటులోంచి ఎక్కడొస్తుంది? నాకు ఇట్టే తెలిసిపోయింది.

మేనకోడలు: నీకు తెలుస్తుంది. మామూలోళ్లు నెట్ స్లో అయిందనుకుంటారు.

మేనమామ: సరే, ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ యూత్’ సంగతేంటి? 1934 నాటి కొరియన్ మూకీ, 2007లో దొరికింది. అప్పట్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే బ్యోన్సా ఉండేవాడు. ఆయన ఏం చెప్పాడో ఎక్కడా లేదు. ఇప్పటి దర్శకుడు కిమ్ తే-యోంగ్ కొత్తగా రాయించి, సంగీతం పెట్టి, మనుషుల్ని నిలబెట్టి ఆడించాడు. అదీ తప్పేనా?

మేనకోడలు: అది నాకు చాలా ఇష్టం. బ్యోన్సా కళ్లెదుటే ఉంటాడు, ఇవాళ్టి మాటలని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. దాపరికం లేదు.

మేనమామ: అమ్మడూ, కొరియా వాళ్లకు పాత సినిమాల్లో మిగిలిందెంత? 1926 నాటి ‘అరిరాంగ్’ లేదు. అంత పాతది ఎందుకు, 1966లో ఇ మన్-హి తీసిన ‘లేట్ ఆటమ్’ కూడా లేదు. మిగిలినవాటినైనా జనం చూడొద్దా? ఆర్కైవ్ వాళ్లు యూట్యూబ్‌లో ఊరికే పెట్టారు. కుర్రాడెవడో నొక్కుతాడు. ఇరవై నిమిషాలు అక్షరాల వెనక తొంగిచూడమంటే ఉంటాడా?

మేనకోడలు: లేని సినిమాలు ఎలా దొరుకుతాయనుకుంటున్నావ్? 1936 నాటి కొరియన్ టాకీ ‘స్వీట్ డ్రీమ్’ బీజింగ్ ఆర్కైవ్‌లో దొరికింది. ప్రింటు మీద ఏ భాష రాత ఉంది, ఎవరు కత్తిరించారు, ఏ ముద్ర వేశారు అన్నదే ఆచూకీ. దాన్ని మరక కింద లెక్కేసి తుడిచేస్తే వెతికేవాడు ఎటు పోవాలి?

మేనమామ: (కాసేపు ఆగి) ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. కానీ చెరిపింది డిజిటల్ కాపీలో. ఫిల్మ్ మీది రాతను ఎవరూ గీకలేదు.

మేనకోడలు: గోడౌన్‌లో డబ్బాలో ఉన్నది నాకూ నీకూ ఎలా కనపడుతుంది? ఆ రెండు రీళ్లూ ఉన్నవి ఉన్నట్టు స్కాన్ చేసి, సినిమా పక్కనే పెట్టాలి.

మేనమామ: పెట్టమను, ఎవరొద్దన్నారు? అయితే ముందు సినిమా, తర్వాతే నీ ఇరవై నిమిషాలు. సినిమాలో ఆ నీళ్ల గ్లాసులో ఎలుకల మందు కలిసిందో లేదో తెలియక నేను టెన్షన్‌తో చస్తుంటే, మధ్యలో వచ్చి ఆచూకీలు చూపించకు.