జీవభద్రతకు లాగిన్ పేజీ ఎక్కడ?

అనంతపురంలో ఒక బీటెక్ అమ్మాయి కృత్రిమ మేధ, జీవశాస్త్రం, జీవభద్రత (ప్రమాదకరమైన క్రిములు, విషాలు తప్పుడు చేతుల్లో పడకుండా చూడటం) కలిపి ప్రాజెక్టు చేస్తోంది. మూడింట్లో ఏ ఒక్కటీ ఆమె బ్రాంచి కాదు. ఇంట్లో పెద్దలు అడిగింది సబబైన ప్రశ్నే: "ఇది సాఫ్ట్‌వేరా, డాక్టరా?" రెండూ కాదంటే పెళ్లిచూపుల్లో ఏమని చెప్పాలి?

ఆమె బెంగ ఇదట. డీఎన్‌ఏ ముక్కలను ఇప్పుడు ఆర్డరిచ్చి తెప్పించుకోవచ్చు. అందులో ప్రమాదకరమైనదేమైనా ఉందేమోనని చాలా కంపెనీలు సరిచూస్తాయి, కానీ చూసి తీరాలన్న చట్టం చాలా దేశాల్లో లేదు. చూసినా, తెలిసినవాటితో పోల్చి చూడటమే. కృత్రిమ మేధతో తిరగరాసిన విషపు ప్రోటీన్లు కొన్ని ఆ వడపోతను దాటిపోయాయని 2025లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపించారు (కంప్యూటర్ మీదే లెండి, ఏదీ తయారు చేయలేదు). సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దాక కూడా కొన్ని జారిపోయాయి. వాటిని పట్టుకునే ప్రోగ్రాం రాస్తానంటుంది ఈమె. ఎంత అత్యాశ! రేషన్ బియ్యానికి వేలిముద్ర అడుగుతున్నాం కదా, వైరస్ జన్యువుకూ అంత కట్టుదిట్టం కావాలా?

అసలు అనంతపురానికి వైరస్‌తో పనేమిటని ఒక పెద్దమనిషి నిలదీశారు. నిజమే, 2000 సంవత్సరాన్ని లెక్కలోంచి తీసేస్తే ఏ పనీ లేదు. ఆ ఏడు కాండం కుళ్లు వైరస్ జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ మీద పడింది. దానికి ప్రయోగశాల అక్కర్లేకపోయింది, కృత్రిమ మేధ అక్కర్లేకపోయింది. వైరస్ వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో కూర్చుంటే తామర పురుగులు చేలకు మోసుకెళ్లాయి. వయ్యారిభామకు మాత్రం ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. రైతుల బాకీలకూ దానికీ సంబంధమున్నట్టే కనిపించదు.

అంత అనుభవమున్న జిల్లాకు ఒక ఆడపిల్ల పాఠం చెప్పాలా? ఏటా ఆగస్టులో వయ్యారిభామపై అవగాహన వారోత్సవాలు జరుగుతాయి. బ్యానరు కట్టే కర్ర పాతడానికి ఆ పొదల్లోనే చోటు వెతుక్కోవాలి.

ప్రాజెక్టు సమీక్షలో ప్రోటీన్ల గురించి ఎవరూ అడగలేదట. అడిగింది ఒక్కటే: "లాగిన్ పేజీ ఎక్కడ?" పాపం, రాత్రికి రాత్రి పెట్టింది. అందరూ సంతృప్తి చెందారు. పాస్‌వర్డులో కనీసం ఒక అంకె ఉండి తీరాలని ఆదేశించారు కూడా.