ఎర్ర ఇంకు శాస్త్రం

మన బడుల్లో పేపర్లు దిద్దే పద్ధతిని తప్పుపట్టేవాళ్లకు అందులోని శాస్త్రీయత అర్థం కాలేదని నా గట్టి అభిప్రాయం. ఆరు పేజీల జవాబులు చదివిన మాస్టారు చివర్లో ‘ఇంకా బాగా చదవాలి’ అని రాస్తారు. ఏది చదవాలో చెప్పరు. చెబితే పిల్లవాడు అదొక్కటే చదువుతాడు, చెప్పకపోతే పుస్తకమంతా చదువుతాడు. చదవడనుకోండి, అది వేరే విషయం.

సైడ్ హెడింగుల కింద గీత, నాలుగు వైపులా మార్జిన్, గుండ్రటి చేతిరాత ఉంటే సగం గట్టెక్కినట్టే. గుండె పటంలో ధమని, సిర తారుమారైనా ఫర్వాలేదు, ఎరుపూ నీలం రంగులు గీత దాటకూడదు. పెద్దయ్యాక వీళ్లే కదా ఆఫీసుల్లో పవర్‌పాయింట్లు చేయాలి!

లెక్కల సారు పేపర్లు మార్కుల వరుసలో పేర్చి పంచుతారు. చివరి వరుస వాళ్లు పేరు పిలవకముందే లేచి చేతులు చాపుతారు. మార్కుకో దెబ్బ. 25కి 17 వస్తే ఎనిమిది. తీసివేతలు రావని తిట్లు తినేవాడు కూడా ఈ ఒక్క తీసివేత తప్పు చేయడు. పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో రాశారు కానీ, చట్టం సిలబస్‌లో లేదు.

ఇక తెలంగాణ పదో తరగతిలో పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20. ఏడాదంతా ‘నువ్వెందుకూ పనికిరావు’ అనిపించుకున్నవాడికి ఇంటర్నల్స్‌లో 20కి 20 పడతాయి. ప్రాజెక్టు చేసింది జిరాక్స్ షాపువాడు. మార్కులు మాత్రం పిల్లవాడివే.

గిట్టనివాళ్లు 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాలను తవ్వి తీస్తారు. తెలుగులో సున్నా వచ్చిన ఒకమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. మూల్యాంకనంలో లోపమేమీ లేదు, తేడా 99 మార్కులే. ఆ అమ్మాయి మధ్యలో ఎన్ని రాత్రులు నిద్రపోలేదో లెక్కపెట్టే గడి మాత్రం ఏ ఓఎంఆర్ షీటులోనూ లేదు.

అయినా ఈ పద్ధతి ఫలితాలు ఇస్తూనే ఉంది. పేపరు చేతికి రాగానే పిల్లలు జవాబుల జోలికి పోరు, సరాసరి టోటల్ చూస్తారు. అర మార్కు తగ్గితే చాలు, సారు టేబుల్ చుట్టూ గుంపు కడతారు. ‘సార్, రెండో ప్రశ్నది కలపలేదు!’ ఆ రెండో ప్రశ్నకు తను రాసింది తప్పో ఒప్పో అడిగే పిల్లవాడు ఆ గుంపులో ఉండడు. ఉన్నా, సారుకు చెప్పే తీరిక లేదు. పక్క సెక్షన్ పేపర్లు కట్ట విప్పకుండా అలాగే ఉన్నాయి, రేపు పేరెంట్స్ మీటింగ్.