మెరుగు పెడితే ధర పడిపోతుంది

అమెరికాలో పాత పిస్టల్ చేతికొస్తే మనవాళ్లకు మొదట తోచేది దాన్ని తళతళలాడించడమే. అక్కడే దాని విలువలో పెద్ద ముక్క పోతుంది. బంగారు గొలుసుకు మెరుగు పెట్టించినా తులం ధర తులానికి ఉంటుంది. తుపాకీకి అలా కాదు. ఫ్యాక్టరీలో వేసిన పూత ఎంత శాతం మిగిలిందన్నదే దాని ధరకు మొదటి కొలత.

అమెరికా తుపాకుల కంపెనీ కోల్ట్ చేసిన 1903 పాకెట్ మోడల్‌నే చూడండి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .32 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) పిస్టల్ ఇది. రెండో ప్రపంచ యుద్ధం దాకా 5 లక్షలకు పైగా తయారయ్యాయి. నూరేళ్ల నాటిదైనంత మాత్రాన అరుదైనది కాదన్నమాట. మొదట్లో వచ్చినవాటికి బ్యారెల్ (గొట్టం) 4 అంగుళాలు, తర్వాతివాటికి 3¾. ఏ రకమో, ఏ ఏడాదిదో సీరియల్ నంబరును బట్టి తెలుస్తుంది.

చూసే ముందు ఒక జాగ్రత్త. గుళ్లు నింపే మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయినట్టు కాదు, గొట్టం మొదట్లోని చాంబర్‌లో ఒక గుండు ఉండిపోవచ్చు. తొలి రకాలు మ్యాగజైన్ లేకపోయినా పేలతాయి. గుండును పేల్చే హ్యామర్, పైన కదిలే స్లైడ్ లోపల దాగి ఉంటుంది కాబట్టి ఎక్కుపెట్టి ఉందో లేదో పైకి కనబడదు. తెలిసినవాళ్ల చేత ఖాళీ చేయించాకే భూతద్దం తీయండి.

స్లైడ్ మీద అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, అరిగినట్టు మెత్తగా ఉన్నాయా? కోల్ట్ గుర్తయిన ముందుకాళ్లెత్తిన గుర్రం బొమ్మ స్పష్టంగా ఉందా? రుద్ది మెరుగు పెడితే ఇవే అరిగిపోతాయి. తుప్పు తిన్న గుంటల అడుగున కూడా నీలిపూత కనిపిస్తే, తుప్పు పట్టాక ఎవరో మళ్లీ పూత వేయించారని అర్థం. నికెల్ పూత ఉంటే మరీ అనుమానించాలి. కోల్ట్ కొన్నిటికి తానే నికెల్ వేసింది, చాలావాటికి తర్వాత ఎవరెవరో వేయించారు. ఏది ఏదో, కోల్ట్ ఆర్కైవ్స్ పాత రికార్డులు చూసి ఇచ్చే లేఖ తేలుస్తుంది. అయితే అరిగిపోయిన మామూలు పిస్టల్‌కు ఆ లేఖ ఖర్చు దండగని నా అభిప్రాయం.

ఈ మోడల్‌ను అమెరికా సైన్యం జనరల్ స్థాయి అధికారులకు ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా జనరల్ ఒమర్ బ్రాడ్లీకీ ఒకటి ఉండేది. అలాంటి పేరుకు రుజువు కాగితం తోడైతే ధర ఎక్కడికో వెళ్తుంది. "మా పక్కింటి తాతగారు యుద్ధంలో వాడారట" అన్న మాటకు మాత్రం పైసా రాలదు.

ఆన్‌లైన్‌లో అడిగే ధరలు చూసి మురిసిపోవద్దు. అడగడానికేం, ఎంతైనా అడుగుతారు. వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. కొనబోయే దుకాణదారు చేతే విలువ కట్టించుకోవడం అన్నిటికన్నా తెలివితక్కువ పని.

ఇంతకన్నా ముందు తేలాల్సింది వేరే ఉంది. ఉద్యోగ వీసా హెచ్-1బి లాంటి వలసేతర (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప. 50 ఏళ్లు దాటిన పిస్టల్‌ను చట్టం 'క్యూరియో ఆర్ రెలిక్' (సేకరణకు తగిన పాత వస్తువు)గా గుర్తించినా ఈ నిషేధం పోదు. సిటిజన్ అయిన మామగారు ముచ్చటపడి కొన్న కోల్ట్‌ను హెచ్-1బి మీదున్న అల్లుడికి ఇవ్వకూడదు. విజిటర్ వీసా మీద వచ్చిన వియ్యంకుడి చేతిలోనూ పెట్టకూడదు. బతికుండగా వేరే రాష్ట్రంలోని సిటిజన్ కొడుక్కి ఇవ్వాలన్నా, మామూలుగా లైసెన్సున్న డీలర్ ద్వారానే ఇవ్వాలి. వీలునామా ద్వారా సంక్రమిస్తే ఫెడరల్ చట్టంలో వెసులుబాటు ఉంది, కానీ కొడుకు ఉండే రాష్ట్రం ఒప్పుకోవాలి.

మన సంఘాలు పెట్టే వీలునామా సదస్సుల్లో ఇల్లు, 401కె రిటైర్మెంట్ పొదుపు, ఊళ్లో పొలం అన్నీ వస్తాయి. తుపాకీ మాట ఎవరూ ఎత్తరు, మనకెందుకులే అనుకుంటారేమో. ఈసారి సదస్సులో లాయరు గారి చేత తుపాకీ గురించి ఒక్క పావుగంట మాట్లాడించండి.